జింకు వేద్దాం, ఉప్పు కడిగే నీరూ అడుగుదాం

ఉప్పు తేలే మడిలో జింకు వేస్తే వరి నిలబడుతుందా? పోలాకి, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, గార మండలాల్లో తీరానికి దగ్గరగా సాగు చేసే సభ్యులు ఉభాల కాలం వచ్చేసరికి అడిగే ప్రశ్న ఇది. ఎరువుల దుకాణానికి వెళితే ఉప్పును విరిచేస్తుందంటూ ఓ రంగు డబ్బా చేతిలో పెడతారు. రైతు సేవా కేంద్రంలో అడిగితే జింకు సల్ఫేట్ వేయమంటారు. పక్క మడి రైతు మాత్రం, ఆ నేలలో ఏం పోసినా సముద్రంలో పోసినట్టే అంటాడు. డబ్బా మాట అటుంచితే మిగిలిన ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఆ రెంటినీ కలిపి చూడకపోతే డబ్బూ పోతుంది, పంటా దక్కదు.

మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. లోపం ఉన్న చోట జింకు వేయాల్సిందే. అయితే అది మొక్కకు ఇచ్చే ఆసరా మాత్రమే, నేలలోని ఉప్పును అది తీసేయలేదు. ఉప్పు పోవాలంటే వంశధార నీరు చివరి మడిదాకా రావాలి, వచ్చిన నీరు ఉప్పును కడుక్కుని గెడ్డలో పడాలి. మొదటి పని రైతు చేసుకోగలడు. రెండోది ఒక్క రైతు వల్ల అయ్యేది కాదు గనుకనే ఈ నెల ఈ పేజీలో దీని గురించి రాస్తున్నాం.

ఉప్పు వరిని రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. మడిలో నీరు నిండుగా ఉన్నా వేరు ఆ నీటిని లాక్కోలేదు. కాళ్ళ దగ్గర నీరున్నా పైరు దాహంతోనే ఉంటుంది. కొన్నాళ్ళకు ఉప్పులోని సోడియం వేరు దాటి పైకి చేరుతుంది. పొటాష్ ఉండాల్సిన చోట సోడియం కూర్చుంటుంది, ముదురాకుల కొసలు తెల్లబడి ఎండిపోతాయి. నాటిన మొదటి మూడు వారాల్లోనూ, తిరిగి చిరుపొట్ట నుంచి పూత దాకానూ వరి ఉప్పుకు అసలు ఓర్చుకోలేదు. పిలకలు వేసే కాలంలో కొంత తట్టుకుంటుంది. నేలలో ఉప్పును ఇ.సి. అనే అంకెతో కొలుస్తారు. నేలను నీటితో ముద్ద చేసి, అందులోంచి తీసిన ఊటలో ఈ అంకె 3 దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుందని, ఆపైన పెరిగే ప్రతి ఒక్క అంకెకూ సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుందని శాస్త్రవేత్తల లెక్క. మొక్కజొన్నకు ఆ గీత 1.7 దగ్గరే ఉంది. గోధుమ 6 దాకా, బార్లీ 8 దాకా ఓర్చుకుంటాయి గాని అవి మన తీరపు పంటలు కావు. మనకు మిగిలింది వరే, అదేమో సుకుమారి.

ఇందులో జింకు చేసే పనేమిటి? వేరు పొర బిగువుగా ఉండాలంటే మొక్కకు జింకు కావాలి. జింకు చాలని వేరు చిల్లులు పడ్డ గోనె సంచిలాంటిది. లోపలి సారం బయటకు కారుతుంది, బయటి సోడియం లోపలికి చొరబడుతుంది. ఉప్పు బాధలో ఉన్న మొక్క లోపల కొన్ని విషపదార్థాలు పుడతాయి. వాటిని విరిచే ఎంజైముల్లో జింకు, రాగి, మాంగనీసు ఉంటాయి. కాబట్టి జింకు సరిపడా అందిన పైరు, అందని పైరు కన్న ఉప్పును మెరుగ్గా తట్టుకుంటుందన్న మాట ఒట్టిది కాదు. పలు దేశాల్లో ప్రయోగాలు ఇదే చెప్పాయి. వాటిలో చాలా భాగం కుండీల్లో, ఓ మోస్తరు ఉప్పు దగ్గర చేసినవి. కుండీకి పోసే నీరు శాస్త్రవేత్త చేతిలో ఉంటుంది. మన మడికి వచ్చే నీరు మన చేతిలో లేదు. ఈ తేడా మరచిపోకూడదు.

చిక్కేమిటంటే, జింకు ఎక్కువగా కావలసిన చోటే అది దొరకదు. నేల క్షారగుణం పెరిగిన కొద్దీ, నీరు నిలిచిన కొద్దీ నేలలో ఉన్న జింకు కూడా వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. వరికి జింకు లోపం ఇంత పెద్ద జబ్బు అని మన దేశంలో తేలింది 1966లో. పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె, హిమాలయాల దిగువ తెరాయి పొలాల్లో ఖైరా అని పిలిచే తెగులుకు ఏ పురుగూ శిలీంధ్రమూ కారణం కాదని, జింకు లేకపోవడమే కారణమని తేల్చి చెప్పారు. అప్పటిదాకా తెగులు మందులు కొట్టిన రైతుల డబ్బంతా వృథాయే.

ఇప్పుడు గుర్తుల సంగతి. ఉప్పు దెబ్బ అయితే ఆకు కొస నుంచి తెల్లగా ఎండుతూ కిందికి దిగుతుంది. మడిలో ఒక మూల చచ్చి, ఇంకో మూల పచ్చగా ఉంటుంది. జింకు లోపమైతే నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పై మూడు నాలుగు ఆకుల మధ్య ఈనె మొదట్లో పాలిపోతుంది. ముదురాకుల మీద ఈనెకు అటూ ఇటూ ఇటుకరంగు మచ్చలు వస్తాయి. మొక్క గిడసబారి దుబ్బు చేయదు. యూరియా వేసినా పచ్చబడదు. ఈ ఆఖరి గుర్తు చాలా ముఖ్యం. పచ్చబడలేదని మరో అర బస్తా యూరియా వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. తీరపు మడుల్లో రెండు బాధలూ ఒకే పైరు మీద కనిపించవచ్చు. అప్పుడు జింకుతో సగమే తేరుకుంటుంది. మిగిలిన సగం ఉప్పుది.

వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు అందరికీ తెలిసిందే. మామూలు నేలల్లో మూడు పంటలకు ఒకసారి ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయాలి, చౌడు నేలకు రెట్టింపు. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. ఆ నీటిలో పురుగుమందులు కలపకూడదు. డి.ఎ.పి., సూపర్ వంటి భాస్వరం ఎరువులతో కలిపి అసలే వేయకూడదు. భాస్వరం, జింకు కలిస్తే రెండూ గడ్డకట్టి వేరుకు అందకుండా పోతాయి.

ఈ గడ్డకట్టే గుణమే కల్తీని పట్టిస్తుంది. జింకు సల్ఫేట్‌లో మెగ్నీషియం సల్ఫేట్ కలిపి అమ్మడం పాత మోసం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో చాలా తేడా ఉంటుంది. ఒక గాజు గ్లాసులో కొంచెం డి.ఎ.పి. కరిగించి తేరిన నీరు తీసుకోండి. ఇంకో గ్లాసులో మీరు కొన్న జింకు సల్ఫేట్‌ను కరిగించి దాంట్లో పోయండి. జింకు అయితే చిక్కగా, గడ్డలు గడ్డలుగా విరుగుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ అయితే అలా విరగదు. ఇది లాబొరేటరీ పరీక్షకు సాటి రాదు గాని, సంచి విప్పే ముందు అనుమానం తీర్చుకోవడానికి పనికొస్తుంది. విరగకపోతే బిల్లు, సంచి దాచి వ్యవసాయాధికారి చేత శాంపిల్ తీయించండి. బిల్లు లేని సంచి గురించి సంఘం కూడా ఏమీ చేయలేదు.

సంచి మీది అంకె కూడా చూడాలి. 21 శాతం జింకు ఉన్న రకం 20 కిలోలు వేస్తే నేలకు చేరే జింకు 4.2 కిలోలు. 33 శాతం రకమైతే 13 కిలోలతోనే అంత జింకు అందుతుంది. ఇక 12 శాతం చీలేటెడ్ జింకు అర కిలో ప్యాకెట్‌లో ఉండేది 60 గ్రాములు. పిచికారీకి అది బాగానే ఉంటుంది గాని, ఒక్క ప్యాకెట్‌తో చౌడు నేల లోటు తీరిపోతుందని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ళ ముందు పెట్టండి.

అన్ని సూక్ష్మపోషకాలూ కలిపిన మిశ్రమాల విషయంలో మరో హెచ్చరిక. వాటిలో బోరాన్ ఉంటుంది. బోరాన్ లోపించే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. సముద్రపు నీటిలో బోరాన్ సహజంగానే ఉంటుంది, పోటు నీరు ఎక్కిన నేలలో అదీ చేరుతుంది. పరీక్ష చేయించకుండా అలాంటి మడిలో బోరాన్ వేయడమంటే పుండు మీద కారం చల్లడమే. ఇనుము, మాంగనీసులకు నీరు నిలిచే మడిలో సాధారణంగా కొదవుండదు, అక్కర్లేని వాటికి డబ్బు పెట్టకండి. సెలీనియం పేరుతో వచ్చే వాటి జోలికి వెళ్ళవద్దనే మా సలహా. అది కాస్త ఎక్కువైతే మనిషికీ పశువుకీ కూడా విషం.

డబ్బు పెట్టనక్కర్లేనిది ఒకటుంది. అది సిలికా. సూక్ష్మపోషకాల జాబితాలో అది లేదు గాని, వేరులోని సందుల గుండా సోడియం దూరకుండా అడ్డుకుంటుందని వరి మీద పరిశోధనల్లో తేలింది. జపాన్ 1955లోనే సిలికేట్‌ను వరికి ఎరువుగా గుర్తించింది. మన దగ్గర అది రైస్ మిల్లు బూడిదలో ఉంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. నరసన్నపేట, టెక్కలి దారుల్లో పోయేవారి కళ్ళల్లో పడే ఆ బూడిదను ఆకుమడిలోనూ దమ్ములోనూ వాడుకోవచ్చు. మడిలోని గడ్డిని పూర్తిగా తగలబెట్టకుండా కొంతైనా నేలలోకి దున్నితే సిలికాతో పాటు పొటాష్ కూడా తిరిగి వస్తుంది. పొటాష్ ఆపేసి యూరియాతోనే నెట్టుకొస్తున్న మడుల్లో ఉప్పు దెబ్బ ఎక్కువగా ఉంటుంది.

ఇంతవరకు రైతు చేయగలిగింది. ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఎకరం మడిలో రెండంగుళాల నీరు నిలిస్తే అది సుమారు 2 లక్షల లీటర్లు. ఆ నీటి ఇ.సి. 4 ఉంటే లీటరుకు రెండున్నర గ్రాముల ఉప్పు ఉన్నట్టు. అంటే ఆ ఒక్క ఎకరం మడి నీటిలో ఉన్న ఉప్పే ఐదు క్వింటాళ్ళు. నేలలో ఉన్నది దీనికి అదనం. ఐదు క్వింటాళ్ళ ఉప్పు ముందు నాలుగు కిలోల జింకు. జింకు వేయకూడదని కాదు, దాని మీద ఎంత భారం మోపుతున్నామో చూడమంటున్నాం.

ఉప్పును తట్టుకునే వరికి పేరు మోసినది కేరళ తీరంలోని పొక్కాలి. ఉప్పు ఓర్చే కొత్త రకాల తయారీకి ప్రపంచమంతా వాడుకునే జన్యువు దాని నుంచే వచ్చింది. అలాంటి పొక్కాలిని కూడా అక్కడి రైతులు ఉప్పులో నేరుగా చల్లరు. వేసవిలో మడిలో మట్టి కుప్పలు పోసి ఉంచుతారు. తొలకరి వానలకు ఆ కుప్పల్లోని ఉప్పు కరిగి కిందికి దిగిపోయాక వాటి మీద మొలక విత్తనం చల్లుతారు. అంత ఓర్పున్న వరికే ముందు ఉప్పు కడిగే నీరు కావలసి వచ్చినప్పుడు మన స్వర్ణ, సాంబమసూరిల సంగతి చెప్పనక్కర్లేదు. మచిలీపట్నం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 101 రకాలూ, ఎం.టి.యు. 1061 ఇంద్ర రకమూ ఉప్పును కొంత ఓర్చుకుంటాయి. వీటి విత్తనం తీర మండలాల కేంద్రాలకు ఆకుమడులు పోయకముందే చేరాలి, పోశాక వస్తే లాభం లేదు.

నేల కడగడం మన పెద్దలకు తెలిసిన విద్యే. మడి చదును చేసి గట్టు గట్టిగా వేసి, నిండుగా నీరు పెట్టి, ఒకటి రెండు రోజులుంచి గెడ్డలోకి వదలాలి. మళ్ళీ పెట్టాలి. అడుగు లోతు నేలలోంచి ఉప్పులో ఎక్కువ భాగం దిగాలంటే సుమారు అడుగు నీరు దాని గుండా పోవాలని లెక్క. మధ్యలో మడి ఎండిందంటే కింద ఉన్న ఉప్పు మళ్ళీ పైకి తేలుతుంది, చేసిందంతా మొదటికొస్తుంది. పాల చౌడుకు ఈ కడుగుడే మందు. జిప్సం కావలసింది పి.హెచ్. 8.5 దాటిన కారు చౌడుకు. రెంటికీ తేడా తెలియక తీరంలో జిప్సం మోసిన వాళ్ళున్నారు. కడిగాక జీలుగ వేసి పూత దశలో కలియదున్నితే నేల గుల్లబారి తర్వాతి కడుగుడు సులువవుతుంది.

ఆ నీరు ఎక్కడిది? ఇక్కడ శ్రీముఖలింగం వైపు సభ్యులతో కొంచెం మొహమాటం లేకుండా మాట్లాడాలి. మన ఊరి పక్కన వంశధార తియ్యగానే పారుతుంది. గొట్టా బ్యారేజీ మనకు ఎగువనే ఉంది, ఎడమ కాలువ మన జలుమూరు మండలం మీదుగానే పోతుంది. ముఖలింగేశ్వరుడి దయ అనుకోండి, బ్యారేజీ దయ అనుకోండి, మనకు ఉప్పు బాధ లేదు. అదే కాలువ చివర సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు మండలాలున్నాయి, అక్కడికి చేరేసరికి నీటి ధార సన్నబడిపోతుంది. ఎగువ మడిలో అవసరానికి మించి నిలిపిన నీటితో మనకు బస్తా ధాన్యం కూడా పెరగదు. అదే నీరు చివర మడికి అందితే పంట ఉంటుంది, అందకపోతే లేదు. మన ఊళ్ళో తూములు రాత్రిపూట ఎవరు ఎత్తుతారో మనకు తెలుసు. అడ్డగట్టు వేసి కాలువ మళ్ళించే వాళ్ళనూ ఎరుగుదుం. ఎగువ దిగువ రైతులిద్దరూ ఒకే సంఘంలో ఉండి, జింకు సబ్సిడీ కోసం కలిసి ధర్నా చేసి, నీటి దగ్గర ఎవరి దారి వారు చూసుకుంటే ఆ ధర్నాకు అర్థం లేదు.

1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు వంతుల వారీ నీటి పంపకం బాధ్యత ఉంది. ఆ సంఘాల్లో మన సభ్యులూ ఉన్నారు. ఖరీఫ్‌కు కాలువ వదిలాక, ఎగువ ఉభాలు ఊపందుకోకముందే, చివరి ఆయకట్టులో ఉప్పు మడులకు రెండు నిండు తడులు కడుగుడు కోసమే ఇవ్వాలని ఈ సంఘాలు తీర్మానం చేయాలి, నీటిపారుదల శాఖ దానిని అమలు చేయాలి. ఇది మన మొదటి డిమాండ్. దీనికి కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు.

కడిగిన నీరు పోయే దారి కూడా ఉండాలి. తీరపు గెడ్డలు పూడిపోయి, గుర్రపుడెక్క నిండి, కొన్నిచోట్ల ఆక్రమణల్లో ఉన్నాయి. ఉప్పుటేళ్ళకు కలిసే చోట తలుపులు లేకపోతే పోటు వచ్చినప్పుడు మురుగు వెనక్కి తన్ని సముద్రపు నీరే మడిలోకి వస్తుంది. నౌపడా చుట్టుపక్కల ఉప్పు మడులు ఏనాటివో, అక్కడ ఉప్పు పండించుకునే వారి బతుకూ మన బతుకు లాంటిదే. మన తగాదా వారితో కాదు. వరి మడులను రొయ్యల చెరువులుగా తవ్వి ఉప్పునీరు పెట్టడం మాత్రం వేరే సంగతి. సాగు భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక చెరువు పడితే దాని చుట్టూ ఉన్న మడులకు ఊట ఉప్పుదే. ఆ మడుల రైతు ఎన్ని సంచుల జింకు వేసినా ఏం లాభం?

తుఫానుల మాటకు వస్తే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన తీరాన్నే దాటింది. ఇలాంటి విపత్తుల్లో పంట నష్టం రాస్తారు, పడిన కొబ్బరి చెట్లు లెక్కిస్తారు. పొలంలో ఇసుక మేట వేస్తే తీయడానికి విపత్తు సాయం నిబంధనల్లో చోటుంది. సముద్రపు నీరు ఎక్కి ఉప్పు మేట వేస్తే మాత్రం ఏ పద్దూ లేదు. ఇసుక కంటికి కనబడుతుంది, ఉప్పు మరుసటి ఏడాది ఊడ్చిన ఆకు చచ్చినప్పుడు గాని కనబడదు. అప్పటికి నష్టం రాసుకున్న అధికారి బదిలీ అయిపోయి ఉంటాడు. ఉప్పునీరు ఎక్కిన భూమికి కడుగుడు ఖర్చూ, ఒక పంట విరామానికి పరిహారమూ నిబంధనల్లో చేర్చాలని మనం అడగాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఉప్పు, చౌడు నేలలు 2.74 లక్షల హెక్టార్లనీ, అందులో తీరపు ఉప్పు నేలలే 77 వేల హెక్టార్లకు పైననీ కేంద్ర సంస్థల లెక్కల్లోనే ఉంది. ఇది నాలుగు ఊళ్ళ గోడు కాదు.

కౌలు రైతు గురించి రాయకుండా ఇది పూర్తి కాదు. దుక్కిలో వేసిన జింకు మూడు పంటల దాకా పనిచేస్తుంది. కౌలు మాట ఏడాదికే. ఎకరాకు 40 కిలోలు వేసి, గట్లు పోసి, జీలుగ దున్నితే ఫలితం వచ్చే ఏడు ఎవరికో. అందుకే కౌలు మడుల్లో పిచికారీ తప్ప దుక్కి మందు కనిపించదు, వాళ్ళను తప్పుపట్టలేం. చౌడు మడులకు జింకు, జీలుగ విత్తనం పూర్తి సబ్సిడీ మీద ఇవ్వాలి. పట్టాదారు పాసు పుస్తకం చూపిస్తేనే అన్న షరతు లేకుండా సాగు చేసే వాడికి ఇవ్వాలి. అలా వేసిన మడిలో మూడేళ్ళ దాకా కౌలు పెంచకుండా ఊళ్ళోనే పెద్దలు ఒప్పించగలరు. కొన్ని విషయాలకు ప్రభుత్వం కోసం చూడనక్కర్లేదు.

ఇక భూసార కార్డు. 2015లో మొదలైన ఆ పథకంలో పన్నెండు అంశాలు రాస్తారు. అందులో జింకు, బోరాన్, పి.హెచ్., ఇ.సి. అన్నీ ఉన్నాయి. కానీ నమూనా తీసే పద్ధతి చూడండి. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒకటి, అంటే ఆరెకరాలకు ఒకటి. వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒకటి. తీరంలో ఒకే గట్టుకు ఇటు మడి పచ్చగా, అటు మడి తెల్లగా ఉంటుంది. మీ చేతిలోని కార్డు మీద ఉన్న అంకె ఎవరి మడిదో మీకే తెలియదు. పైగా కార్డు కోసం ఇ.సి.ని నీరు ఎక్కువ కలిపి కొలుస్తారు కనుక అంకె తక్కువగా వస్తుంది. అక్కడ 1 దాటిందంటేనే మేలుకోవాలి, 3 కోసం ఎదురు చూడకూడదు. జింకు 0.6 పి.పి.ఎం. కన్న తక్కువుంటే లోపం ఉన్నట్టు.

అందుచేత తీర మండలాల గ్రామ శాఖలు ఈ వేసవిలోనే, ఉప్పు పైకి తేలి కనబడే రోజుల్లో, మడి మడికీ వేరుగా మట్టి తీయించాలి. తెల్లబడిన చోటు మట్టి, బాగున్న చోటు మట్టి కలపకండి. పై ఆరంగుళాలు ఒక సంచి, దాని కింద ఆరంగుళాలు ఇంకో సంచి. ఎరువుల సంచుల్లో వేయవద్దు, ఇనుప రేకు డబ్బాల్లో వద్దు, శుభ్రమైన గుడ్డ సంచులు చాలు. ఫలితం వచ్చాక ఇ.సి., పి.హెచ్., జింకు అంకెలతో పాటు, పోయిన ఖరీఫ్‌లో ఆ మడికి కాలువ నీరు మొదట ఏ తేదీన చేరిందో, ఆఖరున ఏ తేదీన ఆగిందో కూడా అదే కాగితం మీద రాసి మండల కమిటీకి పంపండి. సాగు చేసేది కౌలు రైతు అయితే ఆ సంగతీ రాయండి. జలుమూరు, నరసన్నపేట వైపు శాఖలు తమ తూముల కింద వంతులు ఎలా నడిచాయో రాయాలి. ఈ రెండు వైపుల కాగితాలూ పక్కపక్కన పెట్టుకునే నీటిపారుదల అధికారుల దగ్గరకు వెళ్ళబోతున్నాం.